దివాను పొయ్యి, సవరమ్మ గేదె

చిన్న కథే, గ్లాసుడు మజ్జిగ తాగేలోపు అయిపోతుంది. మజ్జిగంటే గుర్తొచ్చింది, మునసబు ఇంట్లో అందులో నీళ్ళే ఎక్కువ. సరే.

అడవి తరిగిపోతోందని కొత్త దివాను కట్టెలకు బదులు ఊళ్ళోని గడ్డీ పేడా కోట పొయ్యికి తోలమన్నాడు. సవరమ్మ గడ్డివామి పోయింది. ఉన్న ఒక్క గేదె ఏం తిని బతుకుతుందోనన్న దిగులుతో ఆమెకు రెండు రోజులు ముద్ద దిగలేదు. మూడో రోజు గేదెను దివాను చావడికి తోలుకెళ్ళి, దాని ముందు తట్టెడు బూడిద పెట్టింది.

"ఏమిటే ఇది?"

"దీని మేతే దొరా, తమరి పొయ్యిలో కాలింది. తమరన్నట్టు గడ్డి ఏటా పండుతుంది, చెట్టు మిగులుతుంది. నిజమే. కానీ పేడ కావాలంటే ఇది తినాలి కదా? తినమని తమరే చెప్పండి."

దివాను గడ్డం నిమురుకుంటూ ఆలోచించాడు. ఆయన తేల్చేలోపు గేదె చావడి కప్పులోని గడ్డి సగం లాగి తినేసి, అడిగిన పేడ అక్కడే వేసింది.

సాయంత్రానికి ఎవరి గడ్డి వాళ్ళకిచ్చేశారు. చావడికి పెంకులు వేయించారు.