పేర్రాజు గ్యాసు సంగతి ఒప్పుకొన్న వ్రత కథ

ఒకానొక వనంలో మితభుక్కు అను ముని చేతులు కట్టుకొని, కలియుగంలో ఆడవారి గాజులు ఆసుపత్రి పాలు కాకుండా ఏ వ్రతం చెయ్యాలని జఠర మహామునిని అడిగెను. ఆయన పొట్ట నిమురుకొని ఇట్లు చెప్పెను.

రాజమహేంద్రవరమున పేర్రాజు అను కరెంటాఫీసు గుమాస్తా ఉండెను. పరువు గల మనిషి. చుట్టాల ఎదుట తుమ్మైనా సగమే తుమ్మును. ఆయనకు పేగు మెలికపడగా, డాక్టరమ్మ చెడిన ముక్క తీసి మిగిలినది కుట్టెను. పేగు కదిలి గ్యాసు పోయేదాకా తినడానికి ఏమీ పెట్టొద్దనెను.

అంతలో కొత్త వియ్యాలవారు బత్తాయిలతో పరామర్శకు వచ్చిరి. అప్పుడే డాక్టరమ్మ వచ్చి, "ఏమండీ, గ్యాసు పోయిందా?" అని గట్టిగా అడిగెను. వియ్యపురాలు కిటికీలోంచి బయటికి చూచెను. వియ్యంకుడు బత్తాయిలు సర్దెను. లేదని చెబితే ఇంకా వివరాలు అడుగుతుందని భయపడి పేర్రాజు, "పొద్దున్నే అయిందండీ" అనెను. ఇడ్లీ వచ్చెను. తినెను.

పొట్ట మృదంగమయ్యెను. లోపలి కుట్టు విడిపోయెను. మళ్ళీ ఆపరేషను, ఐసీయూ. భార్య రత్నమాల కుడిచేతి గాజులు బ్యాంకులో తాకట్టుకు వెళ్ళెను. వియ్యపురాలు అడగ్గా, మెరుగుకిచ్చామని చెప్పిరి.

పేర్రాజు తిరిగి గదికి వచ్చెను. ఈసారి గ్యాసు నిజంగానే పోయెను. వియ్యాలవారు మళ్ళీ వచ్చియుండిరి. ఏమీ విననట్టు కూర్చొనిరి. డాక్టరమ్మ అడగ్గా పేర్రాజు, "ఛఛ, లేదండీ" అనెను. కావున సెలైన్లు సాగెను, స్కానింగులు సాగెను, గది అద్దె సాగెను.

రత్నమాల ఎడమచేతి గాజులు తీస్తూ, "ఇక మిగిలింది పుస్తెలే. నిజం చెప్పండి, పోయిందా లేదా?" అనెను. పేర్రాజు కళ్ళనీళ్ళతో ఆమె చెవిలో చెప్పెను.

"నాకెందుకు? ఆవిడకి చెప్పండి. వాళ్ళున్నప్పుడే చెప్పండి" అని ఆమె వ్రతనియమం పెట్టెను.

డాక్టరమ్మ మళ్ళీ వచ్చినప్పుడు వియ్యాలవారూ ఉండిరి. పేర్రాజు కుట్లు పట్టుకొని లేచి, "అమ్మా, మొదట పోలేదు, పోయిందన్నాను. తర్వాత పోయింది, లేదన్నాను. ఇప్పుడూ పోయింది" అని చేతులు జోడించెను. డాక్టరమ్మ జావ పెట్టమని చెప్పి వెళ్ళెను.

వియ్యంకుడు లేచి తలుపు వేసెను.

"బావగారూ, కడియం ఊళ్ళో స్థలం వాస్తు కుదరక అమ్మామన్నాం చూడండి... నాదీ పేగే. నేనూ పోయిందనే చెప్పాను."

"ఇడ్లీ రెండు తిన్నారు, వదినగారూ" అని వియ్యపురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొనెను.

పేర్రాజు త్వరలోనే ఇల్లు చేరెను. ఎడమచేతి గాజులు బ్యాంకు గుమ్మం తొక్కలేదు. కుడిచేతివి బోనస్ వచ్చాక విడిపించిరి.

ఆపరేషనును చెకప్ అనువారు, మొలలను వేడి చేసిందనువారు, అల్లుడు ఉన్నాడని డాక్టరుకు సైగలు చేయువారు ఈ వ్రతం తప్పక చేయవలెను. ఉద్యాపన నాడు చుట్టాలను కూర్చోబెట్టి, డాక్టరు అడిగినదానికి అడిగినంత చెప్పవలెను. జావ దక్కును, గాజులు దక్కును.

సిగ్గు మాత్రం పోదు. నేటికీ ఆ వియ్యంకులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడరు. ఇద్దరూ బత్తాయిల వంక చూతురు. అక్షతలు తలమీద వేసుకోండి.