లంకకి వెళ్ళిన లూదియమ్మ

ఇటు జరుగు నాతానూ, అక్కకి కాస్త చోటివ్వు. షారోనూ, దుప్పటంతా నువ్వే లాగేసుకుంటే తమ్ముడికేం మిగులుతుందే? ఆఁ, అలాగ. ప్రార్థన అయిందిగా, ఇక గోల చాలు. కథంటే ఊఁ కొట్టాలి మరి. మీరు ఊఁ కొట్టకపోతే కథ ఉన్నచోటే కూలబడిపోతుంది, దాన్ని మళ్ళీ లేపడం నా వల్ల కాదు.

అనగనగా గోదారి గట్టు కింద ఒక పేట. ఆ పేటకి ఎదురుగా ఏటి మధ్యలో ఒక లంక. రావణాసురుడి లంక కాదురా, నవ్వకు. ఇసకా ఒండ్రూ పేరుకుని ఏటి నడుమ లేచిన నేల. అక్కడ అరటి వేస్తారు, కంద వేస్తారు, పుచ్చపాదులు పెడతారు. గోదారి నెమ్మదిగా ఉన్నప్పుడు ఆ లంకంత చల్లని చోటు లేదు. గోదారికి కోపం వస్తే ఆ లంకంత దిక్కులేని చోటూ లేదు.

పేటలో లూదియమ్మ అని ఒక కోడలుపిల్ల ఉండేది. పెళ్ళికి ముందు మిషనాసుపత్రిలో ఆయాగా చేసింది. అక్కడి దొరసానమ్మ పక్కన నిలబడి నిలబడి పురుళ్ళు పొయ్యడం నేర్చుకుంది. పేటలో ఏ బిడ్డ పుట్టినా తల్లి ఒడికంటే ముందు లూదియమ్మ చేతుల్లోకే. మొగుడు ఎలియాజరు పడవ నడిపేవాడు. అత్తగారు సంతోషమ్మ. పేరే సంతోషమ్మ, నోరు మాత్రం ఎండుమిరపకాయ. కొడుకంటే ప్రాణం. కోడలన్నా ప్రాణమే, కాకపోతే పైకి చెప్పదు. కూర బాగుంటే ఇంకాస్త వేసుకుంటుంది, అంతే, అదే మెచ్చుకోలు.

ఊఁ అంటున్నారా? సరే.

ఒక ఏడు గోదారికి పెద్ద వరద వచ్చింది. గట్టు తెగుతుందో ఆగుతుందో తెలీని వరద. లంకలో ఇళ్ళు మునుగుతున్నాయి. ఎలియాజరు పడవేసుకుని వెళ్ళాడు. వెళ్ళాడు, జనాన్ని తెచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ తెచ్చాడు. ఆఖరుసారి వెళ్ళాడు. అంతే, రాలేదు. పడవ చెక్కలు ఎక్కడో దిగువన తేలాయట. మనిషి దొరకలేదు.

అప్పుడు పేటలో ఒక మాట పుట్టింది. లంకవాళ్ళు ఆశకొద్దీ పశువుల్ని ఎక్కించారట, ఆ బరువుకే పడవ మునిగిందట. ఎవరు చూశారో తెలీదు, ఎవరన్నారో తెలీదు, అందరూ అనుకున్నారు. పోనీ నీళ్ళు తీశాక లంక నుంచి ఒక్కరైనా వచ్చి, అమ్మా, ఇలా జరిగిందమ్మా అని చెప్పారా అంటే, అదీ లేదు. కొడుకు పోవడం ఒక ఎత్తు, ఆ ఒక్క మాట రాకపోవడం ఒక ఎత్తు అయింది సంతోషమ్మకి. ఏటివైపు కిటికీకి చెక్కలు కొట్టించేసింది. లూదియమ్మ కూడా నీళ్ళకి రేవుకెళితే తలొంచుకుని బిందె ముంచుకుని వచ్చేసేది తప్ప, ఎదురుగా ఉన్న లంకకేసి చూసేది కాదు.

మరుసటేడు వానాకాలంలో లంకలో కలరా పడింది. ఇప్పుడంటే సూదులూ సెలైన్లూ వచ్చాయి గానీ, అప్పట్లో కలరా అంటే పొద్దున మంచంపట్టిన మనిషి సాయంత్రానికి ఉండేవాడు కాదు. ఏరు నిండుగా పారుతోంది. ఆసుపత్రి దూరం. లంకని దెయ్యం పట్టిందని కూడా కొందరన్నారు. దెయ్యమూ లేదు గియ్యమూ లేదు, వరదలో పాడైన నూతి నీళ్ళు తాగుతున్నారు పాపం.

ఆదివారం నాడు గుళ్ళో పాస్టరుగారు, ఆయన ముసలాయన, ఊతకర్రతో నడిచేవాడు, ప్రసంగం సగంలో ఆపేసి అడిగారట. అవతల మనుషులు పోతున్నారు, మనలో ఎవరైనా వెళతారా అని. ఇక చూడండి. ఒకడికి నడుంనొప్పి, ఒకడికి నాట్లు. ఒకడికి కూతురి పెళ్ళిచూపులు, ఒకడికి కాలికి ముల్లు. ఒకావిడకి మేక ఈనింది, ఇంకొకావిడకి పొయ్యి మీద పప్పు. అందరూ మంచివాళ్ళేరా, భయం అలా మాట్లాడిస్తుంది. లూదియమ్మ ఏ సాకూ చెప్పలేదు. నేలకేసి చూస్తూ కూర్చుంది. ఆమెని ఎవరూ అడగలేదు కూడా, ఎలా అడుగుతారు?

ఆ సాయంత్రం నీళ్ళకెళ్ళి, బిందె నెత్తికెత్తుకోబోతూ పొరపాటున తలెత్తింది. లంకలో దీపాలు కనబడ్డాయి. మర్నాడు చూడకూడదనుకుంటూనే చూసింది. పశువులపాకల పక్కనుండే దీపం లేదు. ఆ మర్నాడు అరటితోట అంచున ఉండేది లేదు. నిన్నున్నది ఇవాళ లేదు, ఇవాళున్నది రేపుంటుందో లేదో తెలీదు. దీపం పెట్టే మనిషి మంచాన పడిందో, పోయిందో. అక్కణ్ణించి ఆ పిల్లకి ముద్ద దిగలేదు. కంచంలో చెయ్యి పెడుతుంది, తీసేస్తుంది.

ఇంటికొచ్చి మోకాళ్ళేసుకుంది. ప్రభువా, ఎవర్నైనా పంపు, మంచివాళ్ళని పంపు, నన్ను మాత్రం వాళ్ళ మొహం చూడమనకు అని వేడుకుంది. పొద్దున వంటింట్లోనూ అదే ప్రార్థన. ఎవర్నైనా పంపు, ఎవర్నైనా పంపు. అలా అంటూ అంటూ చూసుకుంటే, చేతులేమో ఉప్పు మూటగడుతున్నాయి. నూకలు ఒక గుడ్డలో పోస్తున్నాయి. నీళ్ళు కాచే పెద్ద డేగిసా బయట పెట్టేసి ఉంది. తనెప్పుడు పెట్టిందో తనకే తెలీదు.

సంతోషమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది.

"ఎక్కడికే?"

"లంకకత్తా."

"నా కొడుకుని మింగిన నేల మీదికా?"

"ఆ నేల మీదికే."

"దేవుడు చెప్పాడా నీకు, వెళ్ళమని?"

"చెప్పాడో లేదో తెలీదత్తా. అన్నం మాత్రం దిగట్లేదు."

"వెళ్ళు. వెళితే మాత్రం మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు."

లూదియమ్మకి పుట్టిల్లు లేదర్రా. అమ్మానాన్నా ఎప్పుడో పోయారు. ఉన్నది ఆ ఒక్క గుమ్మమే. అత్త కాళ్ళకి దణ్ణం పెట్టి, మూట నెత్తిన పెట్టుకుని, ఏడుస్తూనే గుమ్మం దిగింది. ధైర్యంగా వెళ్ళిందని చెబితే అబద్ధమవుతుంది. ఏడుస్తూ వెళ్ళింది.

నిద్రపోయావా నాతానూ? లేదా? అయితే ఊఁ అను.

రేవులో పడవవాడు మోషే. ఆ పేరుగలాయన సముద్రాన్ని పాయలు చేసి జనాన్ని దాటించాడని మీకు సండే స్కూల్లో చెప్పారుగా? మన మోషేకి మోకాలు దాటి నీళ్ళుంటే కాళ్ళొణికేవి. వదినా, పడవకి చిల్లుందేమో అన్నాడు. లేదంది. వదినా, మబ్బు పట్టిందేమో అన్నాడు. పట్టలేదంది. వదినా, నాకు ఈత రాదు అన్నాడు. నాకూ రాదు, పదమంది. ఇక చెప్పడానికేమీ లేక కళ్ళు మూసుకుని గెడ వేశాడట. కళ్ళు మూసుకుని పడవ నడిపినవాణ్ణి ఎక్కడైనా విన్నారా? మొత్తానికి దాటించాడు.

లంకలో మొదటిల్లు లంక పెద్ద భద్రయ్యగారిది. లోపల ఆయన మనవరాలు నూకరత్నం, ముద్దుగా నూకాలు అనేవారు, మన షారోను కంటే చిన్నపిల్ల, వాంతులై విరేచనాలై కళ్ళు లోపలికి పోయి పడుంది. తల్లి పక్కన కూర్చుని విసురుతోంది. భద్రయ్య గుమ్మంలో నిలబడ్డాడు. వచ్చినావిణ్ణి చూశాడు. మనిషి మొహం కాగితంలా పాలిపోయింది. రెండు చేతులూ తలుపుకి అడ్డంపెట్టి, "నువ్వు మాత్రం వద్దమ్మా. ఇంకెవరైనా సరే, నువ్వు వద్దు" అన్నాడు.

లూదియమ్మ ఏమనుకుంటుంది? పేట మనిషిని కదా, నా చేతి నీళ్ళు పనికిరావు కాబోలు అనుకుంది. మొగుణ్ణి తీసుకున్నవాళ్ళు మంచినీళ్ళు కూడా పుచ్చుకోరు అనుకుంది. వెనక్కి తిరిగింది. రేవులో మోషే పడవ ఇంకా కదల్లేదు. వెళ్ళిపోతే ఎవరూ తప్పుపట్టరు. అప్పుడు లోపల్నించి పిల్ల మూలిగింది. ఏడుపు కాదు, ఏడవడానికి ఓపిక లేదు. ఆ మూలుగు వినేసరికి లూదియమ్మ వాకిట్లోనే కూలబడింది.

"నా చెయ్యి వద్దంటే వద్దులెండి పెద్దయ్యగారూ. మీ చేతులు చాలు. నేనిక్కణ్ణించి చెబుతాను, మీ కోడల్ని చెయ్యమనండి" అంది.

అలాగే చెప్పింది. నీళ్ళు తెర్లా కాగనిచ్చి, నా మూటలో నూకలేసి గంజి కాయమ్మా. ఇప్పుడు చల్లార్చు. గంజిలో ఉప్పెయ్యి, ఎక్కువొద్దు, కన్నీళ్ళంత ఉప్పన ఉంటే చాలు. ఒక చెంచా పొయ్యి. కక్కిందా? కక్కనీ, కాస్సేపాగి మళ్ళీ ఒక చెంచా. మళ్ళీ కక్కిందా? మళ్ళీ ఒక చెంచా. వాన పడితే చూరుకింద నిలబడి చెప్పింది, ఎండొస్తే అరటాకు నెత్తిన పెట్టుకుని చెప్పింది. మళ్ళీ ఒక చెంచా, మళ్ళీ ఒక చెంచా. మధ్యలో పక్కిళ్ళవాళ్ళు వచ్చి వింటూ, పరుగున పోయి తమ ఇళ్ళల్లోనూ అలాగే చేశారు.

చివరికి లోపల్నించి ఆ తల్లి, "పక్క తడిపిందమ్మా" అని కేకేసింది. నవ్వకండర్రా. ఆ జబ్బులో ఒంటేలు వచ్చిందంటే ప్రాణం నిలబడిందన్నమాటే. లూదియమ్మ కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది.

భద్రయ్య బయటికొచ్చి ఆమెకి కాస్త దూరంలో నేలమీదే కూర్చున్నాడు. అంత పెద్దమనిషి.

"నీ చెయ్యి పనికిరాక కాదమ్మా వద్దన్నది. నీ మొహం చూడలేక" అన్నాడు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఆ వరదనాడు వీళ్ళంతా చింతచెట్టెక్కి ఉన్నారట. ఈ పిల్ల ఒక్కర్తీ పాక కప్పు మీద చిక్కుబడిపోయింది. సుడి తిరుగుతోంది, ఇక రావద్దు, నీ ప్రాణం దక్కించుకో అని తామే అరిచారట ఎలియాజరుతో. అతను వినలేదు. కప్పు దగ్గరికి పోయి పిల్లని దింపుకుని, చెట్టు దగ్గరికి తెచ్చి, భద్రయ్య చేతికందించాడు. అందించి గెడ తీసుకోబోతుంటే పెద్ద దుంగ కొట్టుకొచ్చి పడవని గుద్దింది.

"పశువులూ లేవు, ఏమీ లేవమ్మా. నా మనవరాలి కోసం నీ మొగుడు పోయాడు. ఆ మాట మీ అత్త ముందు నిలబడి ఏ మొహంతో చెప్పను? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ చెప్పలేకపోయాను."

లూదియమ్మకి కోపమొచ్చిందా అంటే వచ్చిందిరా, ఎందుకు రాదు? ఇంతకాలం ఒక్క మాట కోసం ఇద్దరాడవాళ్ళు కుమిలిపోయారు. కానీ అదే క్షణంలో, ఎలియాజరు తన ముందు నడిచిన దారిలోనే తనూ వచ్చానని తెలిసింది. తనకి ముద్ద దిగనివ్వని ప్రభువే ఎలియాజరునీ ఆ వేళ వెనక్కి తిరగనివ్వలేదు. లేచి, "లోపలికి రావచ్చా?" అంది. భద్రయ్య పక్కకి తప్పుకున్నాడు. పిల్లని ఒళ్ళోకి తీసుకుంది.

ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగింది. అందరూ బతికారని చెప్పను. కొందరు పోయారు. పోయేవాళ్ళ చెయ్యి పట్టుకుని కూర్చుంది. బతికేవాళ్ళకి గంజి పోసింది. ప్రతి గుమ్మంలోనూ రెండు ముక్కలు ప్రార్థన చేసుకుని లోపలికెళ్ళేది. ఎవరిని తలుచుకుంటున్నావమ్మా అని వాళ్ళడిగితే చెప్పేది, అడక్కపోతే గంజి పోసి వచ్చేసేది.

జబ్బు తగ్గి, ఏరు తీశాక, భద్రయ్య నూకాల్ని వెంటబెట్టుకుని పేటకొచ్చాడు. సంతోషమ్మ గుమ్మం బయట నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. తలెత్తకుండానే చెప్పాడు. ముసలావిడ తిట్టలేదు, ఏడవలేదు.

"మావాడు ఆఖర్న ఏమన్నా అన్నాడా?" అని అడిగింది.

"తలగుడ్డ విప్పి ఇచ్చాడమ్మా. పాపకి చలేస్తోంది, ముందిది చుట్టండి అన్నాడు. అంతే."

చిన్నప్పుడూ ఎలియాజరు అంతేనట, తన చొక్కా ఎవరికో ఇచ్చేసి ఒంటిమీద బట్టలేకుండా ఇంటికొచ్చేవాడట. సంతోషమ్మ నూకాల్ని దగ్గరికి పిలిచింది. జబ్బుపడి లేచిన పిల్ల, మెడ పుల్లలా ఉంది. లోపలికి తీసుకెళ్ళి పెరుగన్నం కలిపి, ముద్దలు చేసి, తన చేత్తో పెట్టింది.

తరవాతేం చేసిందో చెప్పండి చూద్దాం? కోడలికి కబురంపిందా? అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదే షారోనూ. తానే ఒక మూట కట్టుకుని, మోషే పడవెక్కి లంకకెళ్ళింది. లూదియమ్మ పొయ్యి దగ్గరుంది. అత్తని చూసి లేచి నిలబడింది. సంతోషమ్మ తిన్నగా వెళ్ళి, డేగిసాలోంచి గంజి గరిటెతో తీసి నోట్లో పోసుకుని, "ఇదేం గంజే, మరీ నీళ్ళలా ఉంది. మనుషులు ఎలా కోలుకుంటారు దీంతో? జరుగు అవతలికి" అంది. లూదియమ్మ జరిగింది. అత్త గంజి కలిపింది, కోడలు మోసుకెళ్ళి పోసింది.

ఆ ఇద్దరూ ఆ లంకలోనే ఒక పాక వేసుకున్నారు. పగలు పురుళ్ళూ పుళ్ళూ, ఆదివారాలు ప్రార్థన. కొందరు వచ్చి కూర్చునేవాళ్ళు, కొందరు వచ్చేవాళ్ళు కాదు. భద్రయ్య చచ్చేదాకా తన దేవుడికి తను దీపం పెట్టుకున్నాడు, కానీ లూదియమ్మ ఎగువనున్న వేరే లంకలకి వెళ్ళాలంటే పడవకి తెడ్డు తనే పట్టేవాడు. రానివాళ్ళకీ వచ్చినవాళ్ళకీ ఒకటే గంజి. ఆమె చేతుల్లో పుట్టిన పిల్లలు ఆ లంకలనిండా పెరిగి పెద్దవాళ్ళయ్యారు. అందరూ చల్లగా ఉన్నారు.

ఏమిటి నాతానూ? దేవుడు ఆవిణ్ణి నిజంగా పిలిచాడా అంటావా? ఆవిణ్ణి కూడా ఎవరో అడిగారట అలాగే. నాకు చెవికేమీ వినబడలేదు బాబూ, వెళ్ళకుండా ఉండలేకపోయాను, అంతే అందట. మీకూ ఎప్పుడో అలా అవుతుంది. ఎవరి బాధో చూశాక అన్నం దిగదు. అప్పుడు పెద్ద శబ్దమేదో వస్తుందని ఎదురుచూస్తూ కూర్చోకండి. భయమేస్తే ఏడుస్తూనే వెళ్ళండి, ఏం ఫరవాలేదు. ముందు లేచి మూట కట్టుకోండి.

ఇక కథ పడవెక్కి ఏరు దాటేసింది. మనం దుప్పటి కప్పుకుందాం.