బంతి చూడని కొండ

అనగనగా ఒక అడవి. అడవి అనగానే చీకటి, పులి అని ముడుచుకోకండి, మీరెప్పుడూ ఇంతే. ఇది కొండ మీద ఎండ బాగా పడే అడవి. తునికి చెట్లు, మోకాలెత్తు గడ్డి, రాళ్ల మధ్య వాగు. అక్కడ హర్యా అనే ఆయన ఆవుల మందను మేపుకునేవాడు. ఆ ఆవులు చూడ్డానికి చిన్నవే కానీ మహా గట్టివి. వాటికి కొట్టం అక్కర్లేదు, తవుడు అక్కర్లేదు. చిరుతపులి వచ్చిందా, దూడల్ని మధ్యలో పెట్టుకుని, కొమ్ములు బయటికి తిప్పి చుట్టూ నిలబడేవి.

ఆ మందలో ఒళ్లంతా మచ్చలున్న ఆవు ఒకటి ఉండేది. దాని పేరు చుక్కి.

కొండ కింద పల్లంలో ఈదయ్య, సాయమ్మ అని ఆలుమగలు ఉండేవారు. చేను పక్కనే ఇల్లు, ఇంటి పక్కనే దొడ్డి. దొడ్డిలో ఒక ముసలి బర్రె, నాలుగు మేకలు, కోళ్లు. అంతకుముందు ఎక్కడి నుంచో ఏనుగంత ఆవును తెచ్చుకున్నారు. పాపం, అది మన ఎండలకు తట్టుకోలేక ఒక వేసవిలో ప్రాణం విడిచింది. సాయమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

"ఇక కొండ ఆవే మనకు దిక్కు. ఒక్కదాన్ని తెచ్చుకుంటే చాలు, దాని పిల్లలు, పిల్లల పిల్లలు, దొడ్డి నిండిపోతుంది" అంది సాయమ్మ.

ఈదయ్య కొండెక్కి చుక్కిని కొన్నాడు. అప్పటికే చుక్కి చూడితో ఉంది, అంటే కడుపులో దూడ ఉందన్నమాట.

మీకు ఒక సంగతి తెలుసా? మన వైపు ఆవును అమ్ముతారు కానీ దాని పలుపు ఇవ్వరు. మెడలో తాడు విప్పి తమ ఇంట్లోనే ఉంచుకుంటారు. ఎప్పటి నుంచో అదే పద్ధతి. హర్యా కూడా చుక్కి పలుపు విప్పి గుంజకు తగిలించాడు. ఈదయ్య తను తెచ్చిన కొత్త పలుపు కట్టాడు. చుక్కి వెనక్కి తిరిగి ఆ పాత పలుపునే చూస్తూ నడిచింది.

"నా పలుపు దాచారు. అంటే నేను మళ్లీ రావాలనే కదా" అనుకుంది.

పల్లంలో సాయమ్మ దాని కాళ్లు కడిగింది, నుదుట పసుపు రాసింది, గాడి నిండా పచ్చి చొప్ప వేసింది. చుక్కి మూతి తిప్పుకుంది. తర్వాత ఆకలికి ఆగలేక తిందనుకోండి, అయినా ఇష్టంగా తినలేదు. పొద్దు వాలేసరికి కొండవైపు తిరిగి నిలబడింది.

"ఏం చూస్తున్నావు పిల్లా?" అని అడిగింది ముసలి బర్రె.

"మా కొండను చూస్తున్నానవ్వా. నా పలుపు అక్కడే ఉంది. నా కోసం ఉంచారు."

బర్రె కాసేపు నెమరేసి, "నా పలుపు కూడా మా పాత ఇంట్లో ఉంచుకున్నారు తల్లీ. అందరిదీ ఉంచుకుంటారు" అంది.

చుక్కి ఆ మాట చెవిన వేసుకోలేదు.

కొన్నాళ్లకు చుక్కి ఈనింది. పెయ్య దూడ పుట్టింది. నుదుటి మీద బంతిపువ్వు రంగు మచ్చ ఉందని సాయమ్మ దానికి బంతి అని పేరు పెట్టింది. ఆ రోజు ఈదయ్య ముఖం చూడాలి మీరు, చేను పండినంత సంబరం.

బంతికి కాళ్లు కుదురుకున్నాయి. ఒకరోజు మేకపిల్లలు వచ్చి, "ఆడుకుందాం రావే" అని పిలిచాయి.

"వద్దు. మనం ఇక్కడివాళ్లం కాదు, మనది కొండ" అంది చుక్కి.

ఇంకోరోజు ఎర్రకోడి వచ్చి బంతి వీపు మీద ఎక్కి కూర్చుంది. బంతికి కితకితలు పుట్టాయి. "దిగమను. రేపో మాపో వెళ్లిపోయేవాళ్లం" అంది చుక్కి.

మరోరోజు సాయమ్మ కుడితి తొట్టి తెచ్చి బంతిని దగ్గరికి పిలిచింది. "రుచి మరిగావంటే వాగు నీళ్లు నచ్చవు" అని చుక్కి అడ్డం నిలబడింది. చూశారా ఎంత మొండిదో.

బంతి మంచి పిల్ల. తల్లి మాట దాటలేదు. సాయంత్రం కాగానే తల్లి పక్కన నిలబడి అదీ అటే చూసేది. "నా బిడ్డకు కొండంటే ఎంత ప్రాణమో" అని చుక్కి మురిసిపోయేది.

ఎండాకాలం వచ్చింది. చేలల్లో పైరు లేదు కనక ఈదయ్య పశువుల్ని కట్టకుండా వదిలేశాడు. చుక్కి మేస్తున్నట్టే మేస్తూ చేను దాటింది. కాలవ దాటింది. "పద, మన ఇంటికి పోదాం" అని బంతిని వెంటేసుకుని కొండ దారి పట్టింది.

ఆ రాళ్ల దారిలో చుక్కికి ప్రాణం లేచొచ్చింది. బంతికి మాత్రం ప్రాణం మీదికొచ్చింది. దాని గిట్టలు మెత్తటి మట్టిలో పెరిగినవి. రెండుసార్లు జారిపడింది, మోకాళ్లు చెక్కుకుపోయాయి. అయినా లేచి తల్లి వెనకే నడిచింది.

వాగు దగ్గర మంద కనిపించింది. ఎవరు ముందు గుర్తుపట్టారనుకున్నారు? చుక్కి తల్లి. అంత దూరం నుంచే వాసన పట్టి పరుగెత్తుకొచ్చి, బిడ్డను మెడ నుంచి తోక దాకా నాకింది.

"చిక్కిపోయావే" అంది.

చుక్కి కళ్లు మూసుకుని అలాగే నిలబడిపోయింది. ఇన్నాళ్లూ దీనికోసమే కదా ఎదురుచూసింది. కాసేపటికి కళ్లు తెరిస్తే, తల్లి వెనక ఒక చిన్న పెయ్య కనిపించింది. దాని మెడలో చుక్కి పలుపు ఉంది.

"అమ్మా, అది నా పలుపు" అంది చుక్కి.

"నీ చెల్లెలే తల్లీ, నువ్వు వెళ్లాక పుట్టింది. పలుపు ఊరికే ఉంచుతారా, మెడ కనిపిస్తే కట్టేస్తారు" అంది తల్లి. "నిన్ను తలుచుకోని రోజు లేదే నాకు. పలుపుదేముంది, వచ్చావుగా, ఉండిపో. నాలుగు చినుకులు పడ్డాయి. రేపు మంద పై కొండకు పోతుంది. మళ్లీ దిగేది వానలు తగ్గాకే."

చుక్కి తల ఊపింది. మనసు చివుక్కుమంది, కానీ అమ్మ ఉంది, వాగు ఉంది. ఇంకేం కావాలి?

పొద్దు వాలింది. దూడలన్నీ మంద మధ్యలోకి చేరాయి. బంతి చేరలేదు. మంద చివర నిలబడి, కింద పల్లంవైపు తిరిగి అంబా అని అరిచింది. మళ్లీ అరిచింది. ఆ అరుపు చుక్కికి బాగా తెలుసు. దొడ్డికి వెళ్లిన కొత్తలో తన గొంతులోంచి వచ్చింది అదే.

"ఏమైందే తల్లీ?" అంది చుక్కి.

"మేకపిల్లలు ఇప్పుడేం చేస్తున్నాయో" అంది బంతి.

"నువ్వు వాటితో ఒక్కరోజు కూడా ఆడలేదు కదే."

"నువ్వు వద్దన్నావని ఆడలేదు. చూసేదాన్ని."

"ఎప్పుడు చూశావు? రోజూ నాతోపాటు కొండనే చూసేదానివి."

"కొండను కాదమ్మా. కొండకూ మనకూ మధ్యలో అవి ఆడుకునేవి. వాటిని చూసేదాన్ని."

చుక్కికి అప్పుడు తెలిసొచ్చింది. తన బెంగతో కన్నబిడ్డకు ఆటలు లేకుండా చేసింది. ఇప్పుడు ఇక్కడికి తెచ్చి అదే బెంగ దానికీ అంటించింది. పిల్లలూ, నిజం చెబుతున్నాను, చుక్కికి ఉండిపోవాలనే ఉంది. తల్లిని మళ్లీ చూస్తుందో లేదో కూడా తెలియదు. చాలాసేపు వాగు ఒడ్డున నిలబడింది. తర్వాత వచ్చి, "అమ్మా, పొద్దున్నే వెళ్లిపోతాను. దీని ఇల్లు కింద ఉంది" అంది.

తల్లి వద్దనలేదు. పక్కకు జరిగి పడుకోవడానికి చోటిచ్చింది.

తెల్లవారాక ఇద్దరూ కొండ దిగారు. బంతి ముందు, చుక్కి వెనక. మంద కనిపించినంత దూరం చుక్కి ఆగి ఆగి చూసింది. చెట్లు అడ్డమొచ్చాక ఇక చూడలేదు.

కాలవ గట్టు మీద ఈదయ్య ఎదురొచ్చాడు. వెతికి వెతికి, పిలిచి పిలిచి గొంతు పోయింది ఆయనకు. సాయమ్మ బంతి మోకాళ్లకు పసుపు అద్ది, కుడితి తొట్టి తెచ్చి పెట్టింది. ఈసారి చుక్కి అడ్డం రాలేదు.

మేకపిల్లలు దొడ్డి తలుపు దగ్గర నిలబడి, "ఆడుకుందాం రావే" అన్నాయి. బంతి తల్లి ముఖంలోకి చూసింది.

"వెళ్లు" అంది చుక్కి.

మరి చుక్కి బెంగ పోయిందా అంటారేమో. బెంగ ఎక్కడికి పోతుంది? సాయంత్రమైతే ఇప్పటికీ కొండవైపే తిరిగి నిలబడుతుంది. ఒకసారి బంతి వచ్చి, "అమ్మా, కొండ గురించి చెప్పవూ" అని అడిగింది. చుక్కి చెప్పడం మొదలుపెట్టింది. తునికాకు ఎలా ఉంటుందో చెప్పింది, వాగు ఎంత చల్లగా ఉంటుందో చెప్పింది, వాళ్లమ్మమ్మ ఎలా నాకుతుందో చెప్పింది. ఎప్పుడు వెళదామో మాత్రం చెప్పలేదు. ఇంకా సగంలో ఉండగానే మేకపిల్ల ఒకటి అరిచింది. బంతి లేచి తుర్రుమంది.

చుక్కి ఆపలేదు. మిగతా కథ తనలో తనే చెప్పుకుంది.

నీతి: పుట్టిన చోటు మీద బెంగ ఉండడం తప్పు కాదు, ఆ బెంగతో పిల్లల్ని వాళ్లు పుట్టిన చోటికి దూరం చేయడమే తప్పు.