వెన్నులోకి పాము ఎలా దూరింది

ఒకప్పుడు మనుషుల వెన్నెముక ఖాళీ గొట్టంలా ఉండేది. ఒంటికి చలేస్తోందో, ఉక్కపోస్తోందో తేల్చే పని మొత్తం తలకాయదే. ఆ పెత్తనమంటే దానికి మహా ఇష్టం.

ఆ రోజుల్లో ఒక కొండవాలులో తెల్లి అనే పాము ఉండేది. సన్నగా, పాలలా తెల్లగా ఉండేది. వట్టి బద్ధకస్తురాలు. చలి పడదు, ఎండ పడదు. కాస్త అటూ ఇటూ అయితే చాలు, సణుగుడు మొదలు.

ఒక చలికాలం దాని పుట్టలోకి వాననీళ్లు వచ్చేశాయి. తిట్టుకుంటూ బయటికొచ్చింది. ఎదురుగా బండ మీద బుద్రయ్య అనే రైతు కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద చొక్కా లేదు. పెదాలు నీలంగా మారాయి.

ఇంట్లోంచి భార్య సొంబారి అరిచింది. "మావా, లోపలికి రా! బిగుసుకుపోతావు!"

"ఉండవే! చలో కాదో తల ఆలోచిస్తోంది."

తల నిజంగానే ఆలోచిస్తోంది. "నిన్న చలి లేదు. మొన్నా లేదు. ఇవాళ మాత్రం ఎందుకుంటుంది? అసలు చలి అంటే ఏమిటి?"

అది తేలేలోపు బుద్రయ్య కట్టెలా పక్కకు ఒరిగిపోయాడు. సొంబారి ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది.

తెల్లికి జాలేమీ కలగలేదు. అతని మెడ వెనక, వెన్నెముక కంతలోంచి వెచ్చటి గాలి తగిలింది, అంతే. "ఆహా, మంచి ఇల్లు!" అనుకుని సర్రున లోపలికి దూరింది. మెడ నుంచి నడుము దాకా చాపుకుని పడుకుంది.

కన్ను మూతపడుతుండగా ఇల్లు చల్లబడసాగింది. తెల్లి దిగ్గున లేచింది. "అయ్యో, వీడితోపాటు నేనూ చస్తాను!"

ఇక గిలగిలా కొట్టుకుంది. ఆ అదురుకు బుద్రయ్య భుజాలు ఊగాయి, పళ్లు టకటకలాడాయి, రోమాలు నిక్కబొడుచుకున్నాయి. వణికి వణికి ఒళ్లు వేడెక్కింది. కళ్లు తెరిచాడు.

"చూశారా?" అంది తల. "ఆలోచన పూర్తికాకముందే బతికించాను!"

ఎండాకాలం వచ్చింది. బుద్రయ్య పొలంలో ఉండగా తెల్లి, "ఉడికిపోతున్నా!" అంటూ తోక బాదింది. ఒళ్లంతా చెమట ధారలు కట్టింది. తల ఉలిక్కిపడింది. "నేను చెప్పలేదే! ఎవరే లోపల? నడు బయటికి!"

పక్కనే ఉన్న సొంబారి అడ్డం పడింది. తెల్లి లోపలికి దూరడం ఆమె ఆ రోజే చూసింది. "తెల్లీ, నువ్వు కదలకు. ఈ తలను నమ్ముకుంటే నా మొగుడు ఎప్పుడో పోయేవాడు. నీ పిల్లలుంటే మా అందరికీ తలా ఒకటి ఇవ్వు."

తల మూతి ముడుచుకుంది. "ఉంటే ఉండనీ. పేరు మాత్రం నాదే."

"పేరు కప్పుకుంటే వెచ్చగా ఉంటుందా ఏం? నువ్వే ఉంచుకో," అని తెల్లి ఆవులించింది.

అప్పటినుంచే ప్రతి మనిషి వెన్నులోనూ ఒక పాము కాపురముంటోంది. దాన్నే వెన్నుపాము అంటాం. వీపు మీద చన్నీళ్లు పడితే ముందు అదే ఉలిక్కిపడి ఒళ్లంతా జలదరింపజేస్తుంది. ఆ తర్వాత తల తీరిగ్గా వచ్చి, తనే కనిపెట్టినట్టు, "అబ్బా, ఎంత చలి!" అంటుంది.