సిడేలు మోసేదెవరు?

వెనకటికి ఒకానొక రాజ్యాన్ని చండవిక్రముడనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, పొగడ్తల పిచ్చి ఒక్కటే.

ఆ రాజ్యంలో పెద్దవాళ్లెవరైనా పోతే పాడె ముందు గుడ్డ జెండాలు పట్టుకుని నడిచేవారు. పోయినాయన చేసిన మేలు ఒక్కోటి ఒక్కో జెండా మీద రాసి ఉండేది. వాటిని సిడేలు అనేవారు. ఇప్పుడా మాటా లేదు, ఆ వాడుకా లేదు.

తను పోయాక సిడేలు సరిగ్గా రాయిస్తారో లేదోనని రాజుగారికి బెంగ పట్టుకుంది. నూరు పట్టు సిడేలు నేయమని హుకుం జారీ చేశాడు. సాలెవాళ్ల మగ్గాలన్నీ ఆ పనికే పోయాయి. చూస్తే పెళ్లిళ్ల రోజులు.

సాలెపేట పెద్ద పోలమ్మ వచ్చి ఆస్థాన విదూషకుడు బొల్లన దగ్గర మొత్తుకుంది.

"అయ్యా, రాజుగారు నిక్షేపంలా ఉన్నారు. పెళ్లిచీరలు నేసే మగ్గం లేక మా పిల్లల పెళ్లిళ్లే ఆగిపోయాయి. తమరే ఏదో ఒకటి చెయ్యాలి."

మర్నాడు బొల్లన సభలో లేచాడు.

"ప్రభూ, సిడేలు దివ్యంగా వస్తున్నాయి. మోసేవాళ్లను కూడా ఇప్పుడే ఎంచుకుంటే నిశ్చింత."

"దానికేం, భటులు లేరూ?"

"భటులు మోయకూడదు ప్రభూ. ఏ మేలు పొందినవాడు ఆ సిడెం మోయాలి. తాతల నాటి ఆచారం."

పురోహితుడు అవునని తలూపాడు. రాజు మీసం దువ్వి, "అయితే పిలిపించు" అన్నాడు.

'దానకర్ణ' సిడెం ఎత్తి, దానం పుచ్చుకున్నవాడు రావాలని చాటింపు వేశారు. ఒక్కడూ రాలేదు. 'శత్రుభయంకర' ఎత్తారు. భయపడిన శత్రువు కావాలి, ఆ రాజ్యానికి అసలు యుద్ధమే రాలేదాయె. 'గానగంధర్వ' సిడెం కనబడగానే ఆస్థాన గాయకులు దొడ్డిదారిన జారుకున్నారు.

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజు ముఖం కందగడ్డ అయింది.

"అంటే నాకు ఒక్క సిడేనికీ మనిషి లేడంటావా?"

"ఇప్పటికి లేడు. కంగారెందుకు ప్రభూ, తమరింకా పోలేదుగా. ఆ మగ్గాలు వదిలేయండి, 'మా పిల్లల పెళ్లిళ్లు జరిపించిన రాజు' అన్న సిడెం మోయడానికి సాలెపేటంతా పోటీ పడుతుంది."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. మగ్గాలు ఆ పూటే వదిలేసి, ఇంకా నేయని పట్టునూలంతా పెళ్లిచీరలకే ఇచ్చేశాడు. సాలెపేటలో సన్నాయి మోగింది.

"బొల్లనా, 'తప్పు చెబితే విన్నవాడు' అని నాకొక సిడెం రాయించు. అది నువ్వే మోయాలి."

"తప్పకుండా మోస్తాను ప్రభూ. కాని నేను తమకంటే పదేళ్లు పెద్దవాణ్ణి. అందాకా బతికుండాలంటే మంచి తిండి పడాలి."

రాజు మళ్లీ పగలబడి నవ్వాడు. ఆ రోజు నుంచి బొల్లన ఇంటికి రాజుగారి వంటశాల నుంచే రెండు పూటలా భోజనం వెళ్లేది, గిన్నెడు నెయ్యితో సహా.