ఏలినవారి దండోరా, సూరమ్మ బొంత

ఒకానొక కాలంలో మల్లెకోన అనే చిన్న రాజ్యాన్ని మహీధరరాయలు ఏలుతూ ఉండేవాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు. కాకపోతే తాను తలపెట్టిన పని ఏదీ మధ్యలో ఆగలేదని ఆయనకు గట్టి నమ్మకం. కొలువులో వాళ్లు రోజూ అదే మాట అంటూ ఉండడంతో ఆ నమ్మకం బాగా ముదిరింది.

ఆయన అంతఃపురంలో కుట్టుపనికి పెద్ద కుప్పసాని. ఆమె చెయ్యి పడితే చింకిగుడ్డకు కూడా కళ వచ్చేది. మాటకారి కూడా. రాణులకు పొద్దుపోకపోతే ఆమెను పిలిపించి పక్కన కూర్చోబెట్టుకుని నవ్వుకునేవారు. అయితే ఆ ఏడు పుష్యమాసం తరవాత కుప్పసాని నోరు విప్పడం తగ్గిపోయింది. ఆ నెల చలికి దగ్గు పట్టి ఆమె తల్లి సూరమ్మ చనిపోయింది.

ఫాల్గుణం వచ్చింది. మామిళ్లు పూశాయి. ఉగాది దగ్గరపడుతున్నకొద్దీ కుప్పసాని ఇంట్లో అడుగుపెట్టడానికి చోటు లేకుండా పోయింది. ఒక మూల పట్టపుటేనుగు మీద కప్పే గుడ్డ. మంచం మీద చిన్నరాణిగారి రవిక, దాని వీపున తోక లేని నెమలి. పొరుగింటి బాలింత బిడ్డకు పొత్తిళ్ల బొంత. ఎవరికో ఒప్పుకున్న తలగడ గలీబులు. నట్టింట్లో, ఉగాది కొలువుకు సింహాసనం మీద వెయ్యవలసిన జరీపూల పరుపు. ఇవికాక, దండెం మీద సగం కుట్టిన పాతచీరల బొంత ఒకటి. పొద్దున ఒకటి పట్టుకునేది. కాసేపటికి దాన్ని దించి ఇంకొకటి తీసేది. దేని మీదా మనసు నిలిచేది కాదు. దండెం మీది బొంతను మాత్రం ముట్టుకునేది కాదు.

ఒకనాడు రాజు తాను కొత్తగా కట్టిస్తున్న వసంతమంటపాన్ని చూసి వస్తూ, పరుపు ఎంతవరకు వచ్చిందో చూద్దామని కుప్పసాని ఇంటి ముందు పల్లకీ ఆపించాడు. లోపలికి వచ్చి నలువైపులా చూశాడు. ఆయనకు నవ్వు వచ్చింది.

"ఏమమ్మా కుప్పసానీ, ఆరంభశూరత్వమంతా నీ ఇంట్లోనే ఉన్నట్టుందే. నన్ను చూసి నేర్చుకో. పట్టిన పని చివరిదాకా వదిలిపెట్టను" అన్నాడు.

ఆమె తల వంచుకుని నిలబడింది. వెంట వచ్చినవాళ్లు ఆమె ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశారు. ఏమీ అనలేదు. దాంతో రాజుకు ఉత్సాహం పెరిగి, మర్నాడే ఊరంతా దండోరా వేయించాడు. ఎవరైనా సరే, ముందు మొదలుపెట్టిన పని ముగించాకే తరవాతి పని ముట్టుకోవాలనీ, తప్పినవాళ్లు దేశం విడిచి పోవాలనీ దాని సారాంశం.

వీధిలో డప్పు వినబడేసరికి కుప్పసాని పరుపు కుడుతోంది. సూది గుచ్చిన చోటే వదిలేసింది. పరుపూ, రవికా, గలీబులూ అన్నీ మడిచి పెట్టెలో పెట్టింది. దండెం మీది బొంత దించి ఒళ్లో పరుచుకుంది. పరుచుకుందే గాని, సూదిలోకి దారం ఎక్కించలేదు.

ఉగాది వాకిట్లోకి వచ్చేసింది. పరుపు కోసం కోటనుంచి వచ్చిన దాసీలకు బొంత చూపించి, వరసలో ఇదే ముందని చెప్పి పంపింది. అటు వసంతమంటపం దగ్గర కూడా పని ఆగిపోయింది. రాయలు పట్టాభిషేకమైన కొత్తలో మొదలుపెట్టించిన చెరువు తూము ఇంకా సగంలోనే ఉందనీ, దండోరా ప్రకారం ముందు అది కట్టాలనీ రాతిపనివాళ్లు ఉలులు కింద పెట్టారు. మంత్రి తిప్పన ఈ రెండు సంగతులూ నసుగుతూ రాజు చెవిన వేశాడు. రాజు ముఖం కందగడ్డలా అయింది. కుప్పసానిని పిలిపించాడు.

నిండు కొలువులో అడిగాడు: "పరుపేదీ?"

"పెట్టెలో ఉంది ప్రభూ. ముట్టుకుంటే దేశం విడిచి పోవాలి కదా."

"అయితే ఆ బొంతేదో త్వరగా ముగించు."

"అది ముగియదు ప్రభూ" అంది కుప్పసాని.

ఎందుకు ముగియదని రాజు గద్దించాడు. అప్పుడు ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. అది తల్లికోసం మొదలుపెట్టిన బొంత. వానలు వెనకపట్టగానే సూరమ్మ, ఈ ఏడు చలికి ఆగలేనేమో, నా చీరలతోనే ఒక బొంత కుట్టిపెట్టవే అని అడిగింది. కుప్పసాని పొరలు పరిచి మొదలుపెట్టింది. ఇంతలో ఏనుగు గుడ్డ వచ్చింది. దాని వెనక రవిక వచ్చింది. వచ్చిన ప్రతిసారీ, ఇదొక్కటీ అయ్యాక నీదేనమ్మా అని తల్లికి చెప్పింది. కోటపని కదా, కానియ్యి అని తల్లి కూడా అన్నది. పైపొరకని సూరమ్మ తన పెళ్లినాటి ఎర్రచీర దాచిపెట్టి ఉంచింది. చివరికి ఆ చీర కట్టే ఆమెను సాగనంపవలసి వచ్చింది. ఇక పైపొర ఎక్కడినుంచి వస్తుంది?

రాజుకు మనసులో కలుక్కుమంది. కానీ అందరిముందూ తగ్గడానికి బిడియం.

"దానికేముంది? ఖజానాలో ఎర్రచీరలు బోలెడు. ఏదో ఒకటి పైన వేసి కుట్టు. ఏ చీరైతేనేం, బొంత బొంతే కదా" అన్నాడు.

కుప్పసాని తలెత్తింది.

"ఖజానాలో కిరీటాలు కూడా బోలెడున్నాయి ప్రభూ. ఉగాదినాడు ఏదో ఒక తలమీద ఒకటి పెట్టి సింహాసనం మీద కూర్చోబెడితే సరిపోతుందా? ఏ తలైతేనేం, రాజు రాజే కదా."

తిప్పన కళ్లు మూసుకున్నాడు. రాజు ఆమెవైపు రెప్ప వెయ్యకుండా చూశాడు. ఆ తరవాత ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి, ఉత్తరీయంతో కళ్లు ఒత్తుకుని, దండోరా రద్దయిందని చెప్పమన్నాడు.

"తూము సంగతి కూడా నీకు ముందే తెలుసా?" అని అడిగాడు.

"ఊరందరికీ తెలుసు ప్రభూ. చెప్పే వీలు ఇప్పటికి దొరికింది."

రాజు తిప్పనవైపు తిరిగాడు. మంటపం సంగతి తరవాత, రాతిపనివాళ్లను చెరువు దగ్గరికి పంపమని మంత్రితో అన్నాడు. కుప్పసానిని ఏదైనా కోరుకోమన్నాడు.

మార్గశిర పుష్యమాసాల్లో కోటనుంచి ఎవరికీ కుట్టుపని చెప్పవద్దనీ, ఆ రెండు నెలలూ కుట్టుపని ఆడవాళ్లను ఇళ్లకు పంపమనీ ఆమె కోరింది. రాజు సరేనన్నాడు. నీకంటూ ఏమీ వద్దా అని అడిగాడు.

"నాకు కావలసింది మొన్న చలికి ముందే అడగవలసింది. అడిగితే ఏలినవారు ఇచ్చేవారేమో. నేనే అడగలేదు" అంది కుప్పసాని.

రాజు తన శాలువా తీసి స్వయంగా ఆమె భుజాలమీద కప్పాడు.

మాట ప్రకారం మళ్లీ వచ్చిన చలికాలంలో కోటలో సూది కదలలేదు. కుట్టుపని ఆడవాళ్లంతా ఇళ్ల అరుగులమీద పాతచీరలు పరిచి, తమవాళ్లకు బొంతలు కుట్టుకున్నారు. కుప్పసాని ఒక్కొక్క పూట ఒక్కొక్కరి అరుగు మీద కూర్చుని చెయ్యి సాయం చేసేది. పొద్దు వాలి చలి మొదలవగానే మాత్రం గబగబా లేచి ఇంటిదారి పట్టేది. గుమ్మం దగ్గరికి వచ్చాకగాని, అంత తొందర అక్కర్లేదని ఆమెకు గుర్తొచ్చేది కాదు.