దుమ్ము తగలని బేరింగు

పైడయ్య, గవరయ్య అన్నదమ్ములు. బుర్రలో తెలివి ఎక్కడ ఒలికిపోతుందోనని తలపాగాలు విప్పకుండానే పడుకునేవాళ్ళు. అంత తెలివి ఇంట్లో ఉన్నా, వాళ్ళమ్మ తవుడమ్మ ఇటుక బట్టీలో తట్టలు మోస్తేనే పొయ్యి వెలిగేది.

ఓ రోజు పాలకేంద్రం గుమాస్తా, "ఎల్లుండి ఏడింటికల్లా సైకిలుతో రండి. క్యాన్లు మోసే పని మీదే" అన్నాడు. తవుడమ్మ తట్ట దించే రోజొచ్చిందని సంబరపడింది.

సైకిలేమో కీచుమంటోంది. మెకానిక్కు మస్తాను దాన్ని చూసి, "బేరింగులు ఎండిపోయాయి. మంచి గ్రీజు తెండి. చేతికంటితే వదలకూడదు, నీళ్ళకి పోకూడదు" అన్నాడు.

అంతే! కొట్లో డబ్బాలన్నిట్లో వేళ్ళు ముంచారు. కుంకుడు రసంతో తోమితే గ్రీజు పోయింది. "నాసిరకం సరుకు!" అని కొట్టువాణ్ణి తిట్టి ఇంటికొచ్చి పనసకాయ కోశారు. ఇంకేముంది, జిగురంటి అన్న చెయ్యి తమ్ముడి చేతికి అతుక్కుపోయింది.

"అన్నా, అసలు గ్రీజు దొరికిందిరోయ్!"

ఆ అతుకు చేతులతోనే బేరింగుల నిండా జిగురు కూరారు. తెల్లారేసరికి చక్రాలు కదిలితే ఒట్టు.

"నూనె రాసి వదిలించుకోండిరా, అప్రాచ్యుల్లారా!" అంది తవుడమ్మ. చేతులు విడిపోయాయి. "ఆ చక్రాలకీ రాయండి."

"ఊరుకోవే అమ్మా! నూనె రాస్తే అతుక్కున్న చేతులే ఊడొచ్చాయి. చక్రాలు ఊడిపోవూ?" అన్నాడు పైడయ్య.

"ఆడదానికి యంత్రాల సంగతేం తెలుసు!" అని నవ్వాడు గవరయ్య. మగ బుర్రలు మరి!

ఆ ఆడదే సైకిలుని మస్తాను దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. అతను జిగురంతా కిరసనాయిలుతో కడిగి, అసలైన గ్రీజు పెట్టాడు. చక్రాలు చప్పుడు లేకుండా గిర్రున తిరిగాయి.

"దుమ్ము పడనివ్వకండి. ఒక్క రేణువు దూరినా బేరింగు పోయినట్టే" అన్నాడు, వెనకే వచ్చిన అన్నదమ్ములతో.

పాలకేంద్రానికి ఆరు మైళ్ళు, అంతా ఎర్రమట్టి రోడ్డు. ఇంకేముంది! మర్నాడు ఇంట్లో ఉన్న ఒక్క దుప్పట్లో సైకిలు మూటగట్టి నెత్తికెత్తుకున్నారు. దుమ్ము లేవకుండా మునివేళ్ళ మీద నడిచారు. చేరేసరికి మిట్టమధ్యాహ్నం.

"సైకిలేదయ్యా?" అన్నాడు గుమాస్తా.

"మూటలోనండీ! ఒక్క రేణువు తగిలితే ఒట్టు!"

"పక్కూరివాడు కీచు సైకిలు తొక్కుకుంటూ ఏడింటికే వచ్చాడు. పని వాడికిచ్చేశాను. మీరింక తొక్కుకుంటూ ఇంటికి పొండి."

"తొక్కడమా! మూట విప్పితే ఇంకేమన్నా ఉందా?"

మళ్ళీ నెత్తికెత్తుకున్నారు. సాయంత్రానికి బట్టీ దగ్గర నెత్తిన తట్టతో తల్లి ఎదురైంది. అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే కేకేశారు:

"ఇటుక దుమ్ము రేపకే అమ్మా, దూరంగా పో! మనకి అన్నం పెట్టే సైకిలిది!"